బామ్మగారి సంతకం

దూరదర్శన్ 1976లో వ్యాపార ప్రకటనలకు తలుపు తీసింది. తరువాత సొంత ఛానెళ్ళు వచ్చాయి, రంగులు వచ్చాయి, సరుకులు మారాయి. బామ్మగారు మాత్రం కదల్లేదు. ఊరగాయకీ ఆవిడే, నేతికీ ఆవిడే, తలనూనెకీ ఆవిడే. తెల్లటి ముడి, ముక్కుమీద కళ్ళజోడు, మడత నలగని చీర. సీసా మూత తీయగానే చిటికెడు రుచి చూసి, "అచ్చం నా చేతి వంటే!" అని మనవరాలి బుగ్గ పుణుకుతారు. దాంతో ఆవిడ పని సరి.

ఈ ప్రకటనలంటే నాకేం కోపం లేదు లెండి. సీరియల్ మధ్యలో సరదాగానే చూస్తాను. కానీ మీరే చెప్పండి, మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా కొన్న ఆవకాయ నాలిక్కి రాసుకుని, మొదటి మాటే "బాగుంది" అన్నారా? మా కృష్ణా జిల్లాలో ఆ ముచ్చట నేనెరగను. "ఆవ ఎక్కువై చేదొస్తోంది", "ముక్కకి టెంక ఏదే? అందుకే మెత్తబడింది", "ఇది పప్పునూనేనా?" ఇలా మొదలవుతుంది వరస.

దాన్ని మనం చాదస్తం అంటాం. నిజానికది యాభై వేసవులు జాడీల ముందు కూర్చుని నేర్చిన విద్య. ఏది తక్కువైతే ఎన్నాళ్ళకి బూజు పడుతుందో నాలికతో చెప్పగల విద్య. ప్రకటనలవాళ్ళు ఆ విద్యని వదిలేసి, తల ఊపడం ఒక్కటీ ఉంచుకున్నారు. పని యంత్రానిది, లాభం కంపెనీది, సంతకం మాత్రం బామ్మగారిది. డబ్బులు తీసి కొనేది కూడా ఆవిడ కాదు, కోడలు.

పైగా ఈ బామ్మల్లో చాలామంది హిందీ నుంచి దిగుమతైనవారు. పైట తలమీదుగా కుడిభుజం మీదికి వస్తుంది. పెదవులు ఒకటంటే మాట ఇంకొకటి వినిపిస్తుంది. మన ఇళ్ళల్లో అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు. ఒకరు పెట్టిన పులుసు రెండోవారికి నచ్చితే ఒట్టు! ప్రకటనలో ఇద్దర్నీ కలిపి ఒకే మెత్తని బామ్మని చేసేశారు.

మన సినిమా ఈ విషయంలో కాస్త నయం. మన బందరులో పుట్టి, 2009లో కన్నుమూసిన నిర్మలమ్మగారిని తలుచుకోండి. తెరమీద ఆవిడ మామ్మగా వస్తే చివాట్లుండేవి, చమత్కారాలుండేవి, మూతివిరుపులుండేవి. ఆవిడ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు గనకే, మెచ్చుకుంటే విలువుండేది.

ప్రకటనల్లోనూ ఒకసారి మంచి మార్పు చూశాను. 2017లో ఐపీఎల్ క్రికెట్ నాళ్ళలో వోడాఫోన్ వారు ఒక ముసలి జంటని గోవా విహారానికి పంపారు. నాట్యకళాకారులు ధనంజయన్, శాంతా ధనంజయన్ దంపతులు ఆ వేషాలు వేశారు. అందులో పెద్దావిడ సరుకు తనకోసం వాడుకుంటుంది, సరదాగా తిరుగుతుంది. చూడముచ్చటగా ఉంది. కానీ అక్కడా నవ్వు పుట్టించేది, "ఈ వయసులో ఫోనా!" అన్న వింతే. బెజవాడలో అది వింతేమిటి? డల్లాస్‌లో ఉన్న మనవణ్ణి చూడాలంటే పొద్దున్నే ఫోన్ పట్టుకోక తప్పని మామ్మలు ఇక్కడ ఎంతమంది లేరు!

నన్ను బాధపెట్టేది అదే. ప్రకటనలో బామ్మగారి చుట్టూ భోజనాల బల్ల నిండుగా ఉంటుంది. మన వీధుల్లో చాలా ఇళ్ళల్లో ఆ బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే. ఆవిడ చేతి రుచి సీసాలో దొరుకుతుందని నమ్మాక, ఆవిణ్ణి అడగడానికి మనకిక ఏం మిగులుతుంది?

ప్రకటనలు తీసేవారికి ఒక మనవి. ఒక్కసారి ఆవిడచేత "ఉప్పు తక్కువైంది" అనిపించండి. ఇంటిల్లిపాదీ చెంచాలు ఆపి ఆ మాట వినాలి. ఆ సీసా నేను తప్పకుండా కొంటాను.