కాగడా పట్టే చెయ్యి

1957 నాటి ‘మాయాబజార్’ను ప్రాణంగా చూసినవాళ్ళు అదే కథను ఆడే కూచిపూడి యక్షగానం ‘శశిరేఖా పరిణయం’ కూడా చూడాలి. ఆ సినిమాకు నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిది కూచిపూడి ఊరే. వెండితెర మీద మార్కస్ బార్‌ట్లే కెమెరా చేసిన మాయను, పాత పద్ధతిలో ఆడే రాత్రి, కాగడా పట్టినవాడు చేస్తాడు. ఇద్దరు పట్టుకున్న తెర వెనక ఘటోత్కచుడు హుంకరించగానే మంట మీదికి గుప్పెడు గుగ్గిలం పొడి విసరాలి. ముందే పడితే ప్రవేశం చప్పబడిపోతుంది. ఆలస్యమైతే తాళం తప్పినట్టే. పొడి మెత్తగా ఉండాలి, విసురు విశాలంగా ఉండాలి. అప్పుడే భగ్గుమని లేచిన వెలుగులో రాక్షసుడి కిరీటం ఎర్రగా మెరుస్తుంది, ముందు వరస పిల్లలు అమ్మ ఒళ్ళోకి జరుగుతారు. సూత్రధారి తాళాలకు చెవి ఒగ్గి, నటుడి అడుగు మీదే కన్నుంచే ఆ పనివాడికి నా చప్పట్లలో సగం వాటా.