కుంటలో పారిస్ నీడ

నంబులపూలకుంటలో నీళ్లకంటే పేరే ఎక్కువ. పేరులో పూలున్నాయి, కుంట ఉంది; వాన మొఖం చాటేసిన ఏట ఆ రెండూ పేరులోనే మిగిలేవి. అట్లాంటి ఒక ఎండాకాలంలో, అట్ట ఊడి, దారాలు బయటపడి, నువ్వు నా చేతికొచ్చావు. రెండు మహానగరాలు. రాసింది చార్లెస్ డికెన్స్, తెలుగు చేసింది తెన్నేటి సూరి. అప్పటికి నేను చూసిన మహానగరం కదిరి ఒక్కటే.

ఓ పాత పుస్తకమా, నీకు దండం. ఎండిన కుంట ఒడ్డున కూర్చున్నవాడికి ముందుగా ఒక పీపా పగలగొట్టి చూపించావు. పారిస్‌లో పేదల పేట. బండి మీంచి ద్రాక్షసారా పీపా జారిపడి పగిలింది. రాళ్ల సందుల్లో ఎర్రటి పాయలు. చేతిలో పని చేతిలోనే వదిలి జనం పరుగెత్తుకొచ్చారు. దోసిళ్లతో తోడుకున్నవాళ్లు కొందరు, మట్టితో అడ్డుకట్ట వేసినవాళ్లు కొందరు. తల్లులు తలగుడ్డలు ముంచి చంటిబిడ్డల నోట్లో పిండారు. ఇది ఫ్రాన్సు సంగతని నాకు తోచనే లేదు. ట్యాంకరు గొట్టం దగ్గర కారే నీళ్లకు చెంబు పట్టి, ఆ చెంబు కోసం జుట్లు పట్టుకున్న మా వీధే కనిపించింది. ఒకడు ఆ సారా మడ్డిలో వేలు ముంచి గోడమీద 'రక్తం' అని రాసినప్పుడు మాత్రం, ఇది మా వీధి కాదని తెలిసి, ఒళ్లు జలదరించింది.

మా అవ్వ చూసి, "ఏంరా, దాంట్లో పడిపోతివి?" అంది. కథ చెప్పాను. గుర్రాలబండి తోలించుకుంటూ పోయే దొర పసివాణ్ణి తొక్కించేసి, తండ్రి ముందు ఒక బంగారు కాసు విసురుతాడని. ఆ కాసు ఎవరో తిరిగి బండిలోకే విసిరికొట్టారని. అవ్వ చేటలో చెనిక్కాయలు చెరగడం ఆపింది. "విసిరినోడు ఎవురు?" అని అడిగింది. ఎవరో తెలియదన్నాను. "తెలీకపోవడమే మేలు" అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. నీ మీద వచ్చిన పెద్ద పెద్ద వ్యాసాలు తరవాత చాలా చదివాను గానీ, ఇంత మంచి మాట ఎక్కడా దొరకలేదు.

గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను కింద నిన్ను రెండోసారి చదివాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు, సుమారు అయిదెకరాల నీడ. ఎంతసేపు తిరిగినా ఏది మొదలో, ఏది ఊడో తేలదు. నీ కథా అంతే గదా! బాస్టీల్ చెరలో పద్దెనిమిదేళ్లు మగ్గి, బయటికొచ్చాక కూడా చెప్పులు కుట్టడం మానలేకపోయిన డాక్టర్ మానెట్, లోపలున్నప్పుడు రాసి గోడలో దాచిన కాగితం ఒక ఊడలా దిగింది. అది తన అల్లుడి మెడ దగ్గరే మళ్లీ మొలుస్తుందని ఆయనకేం తెలుసు! పగ కూడా నేల దొరికితే వేరు పట్టుకుంటుందని ఆ నీడలో కూర్చున్న నాకు అర్థమైంది. తిరగబడినవాళ్లను ప్రేమించమన్నావు, వాళ్ల కత్తిని చూసి భయపడమనీ అన్నావు. పద్నాలుగేళ్లవాడికి రెండు మాటలూ ఒకేసారి చెప్పిన పెద్దమనిషి మా ఊళ్లో ఒక్కడూ లేడు.

ధర్మవరం పోయినప్పుడు నువ్వు మళ్లీ కనిపించావు. నీలో డెఫార్జ్ దొరసాని ఉంది. సారాకొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా ఊలు అల్లుతూ, చావవలసినవాళ్ల పేర్లన్నీ ఆ అల్లికలోనే రాసుకునే మనిషి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నాడె ఆడించే నేతగాణ్ణి చూస్తే ఆమే గుర్తొచ్చింది. పైన వేలాడుతున్న అట్టల్లో చిల్లులు, ఆ చిల్లుల లెక్కన లేచే పడుగు పోగులు, ఆ లెక్కన అంచుమీద దిగే హంసలు. చదవడం తెలిసినవాడికి గుడ్డకూడా కాగితమే. ఆ అట్టల యంత్రం 1804లో జకార్డ్ అనే లియోన్ నేతగాడు కనిపెట్టింది. ఆయన ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, తన ఊరి ముట్టడిలో తుపాకీ పట్టినవాడు. ఆ యుద్ధాలలోనే కొడుకును పోగొట్టుకున్నవాడు. మన పెళ్లికూతుళ్ల చీరల్లో ఆ తుఫాను తాలూకు పోగు ఒకటి ఉందన్నమాట.

నువ్వు పిల్లల కోసం పుట్టలేదు. 1859లో పెద్దల పత్రికలో వారం వారం వచ్చావు. పిల్లలే నిన్ను ఎత్తుకుపోయారు. ఆ తరవాత వాళ్లకు అరగదేమోనని నిన్ను కుదించి, బొమ్మలు వేసి, పీపాలో సారా తీసేసి నీళ్లు పోసినవాళ్లున్నారు. వాళ్లమీద నాకు కోపం. రాగిసంగటి తిని పెరిగిన కడుపుకు పాలబువ్వ ఎందుకు?

నీకు తెలంగాణలో ఒక తమ్ముడున్నాడు. ప్రజల మనిషి. చిన్నతనంలో పరాయి ఇళ్లల్లో వంట చేస్తూ చదువు నేర్చుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి నవల అది. నిజాం రాజ్యంలో ఒక ఊరు దిమ్మెగూడెం, దాని దొర, ఆ దొరకు తలవంచని కంఠీరవం అందులో ఉన్నారు. ఇంకో తమ్ముడు చిల్లర దేవుళ్లు, 1969, దాశరథి రంగాచార్యది. గడీలో ఆడబాపగా, అంటే దొరల ఇంటి దాసిగా, బతికే వనజను చదివినవాడు 'దొరల కాలమే బాగుండేది' అనే మాట మళ్లీ అనలేడు. వీటిని బడిపిల్లలకు ఇవ్వొచ్చా అని అడిగే అయ్యవార్లున్నారు. ఇవ్వండి సార్, నేను చెడిపోలేదు.

ఇక నీతో ఒక తగువు. నువ్వు లండన్‌ను పారిస్‌తో కలిపావు, సరే. మా సీమను ఎవరు కలుపుతారు? బాస్టీల్ కూలడానికి ఒక్క ఏడాది ముందు, 1788 ఆగస్టులో, పెనుకొండ సీమను ఏలుతున్న టిప్పు సుల్తాన్ పంపిన ముగ్గురు రాయబారులు వెర్సాయ్ కొలువులో పదహారో లూయీ ముందు నిలబడ్డారు. వాళ్ల వెంట సామాను మోసే కుర్రాడొకడు ఉండి ఉంటే, వాడు పారిస్ వీధుల్లో ఆకలిని చూసి గుర్తుపట్టి ఉండడా? లూయీ తల 1793లో తెగింది, టిప్పు 1799లో కోట గుమ్మంలో కూలాడు. మరుసటేడు ఈ నేలంతా నిజాం చేతినుంచి కుంపినీ చేతికి దత్తమండలమై పోయింది.

ఆ తరవాతి కథ రేనాటి కోయిలకుంట్లది. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ, అంటే పాళెగాళ్ల ఇళ్లకు కుంపినీ ఇచ్చే భరణం, అడిగితే అవమానం ఎదురైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, 1846లో ఖజానామీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. తలను కోటకు వేలాడదీసి 1877 దాకా దించలేదు. ఆయన మీద పాటలున్నాయి, సినిమా వచ్చింది. నా కన్ను మాత్రం ఆ వేలాడే తలమీద కాదు, దాని కిందనుంచి నడిచిపోయిన పిల్లలమీద ఉంది. ఆ రోజు తండ్రి చెయ్యి పట్టుకుని చూసిన పదేళ్లవాడికి, తల దించేనాటికి నలభై ఏళ్లు. వాడి కొడుకు, కూతురు కూడా దాన్ని చూస్తూనే పెరిగి ఉంటారు. దించిన ఏడు ఎట్లాంటి ఏడు? ధాత కరువు సీమను నమిలేస్తున్న ఏడు. గంజి కోసం వరసలో నిలబడి, పైకి చూస్తే అక్కడ తల లేదు. ఆ పూట వాడు ఇంటికొచ్చి పిల్లలకు ఏం చెప్పాడు?

రేనాడులోనో, కదిరిలోనో, ధర్మవరంలో మగ్గం పక్కనో ఈ వాక్యం చదువుతున్న చెల్లెలా, తమ్ముడా, ఆ పిల్లవాడి కథ నాకు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మీరు రాయండి. పిల్లల కోసమని మాత్రం కుదించొద్దు.