వేటకి ముందు చదవాల్సిన మనుచరిత్ర

మే నెలలో ఒక రాత్రి డెన్వర్ నుంచి మా తెనాలి స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, లాటరీలో నాకు ఎల్క్ ట్యాగ్ తగిలింది. సెప్టెంబర్ చివర్లో వయోమింగ్ అడవుల్లోకి వెళ్తున్నా. ఐదు రోజులు. గుర్రాల మీద."

ఎల్క్ అంటే మన కణుజుకి అన్నలాంటి జింక. మగది 300 కిలోలు దాటుతుంది. ఆ రాష్ట్రంలో విల్డర్‌నెస్‌గా గుర్తించిన అడవుల్లో బయటి రాష్ట్రం వాళ్ళు ఇలాంటి పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్సున్న గైడ్ గానీ, అక్కడి స్థానికుడు గానీ తోడుండాలి. చట్టమే అంత. డబ్బు, తుపాకీ, ధైర్యం అన్నీ ఉన్నా, దారి తెలిసినవాడు లేకుండా అడుగు పెట్టనివ్వరు.

వీడు గుర్రం ఎక్కటమేంటని నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు తెనాలిలో మేం దగ్గర్నుంచి చూసిన గుర్రం పెళ్ళి ఊరేగింపుల్లో వచ్చేదొక్కటే. ఇప్పుడు వారానికి రెండు రోజులు స్వారీ నేర్చుకుంటున్నాడట. సాయంత్రాలు వీపున ఇరవై కిలోల బియ్యం బస్తా కట్టుకుని మెట్లెక్కి దిగుతున్నాడట. ముందు గైడ్‌కి ఫోన్ చేసి ఏ తుపాకీ కొనాలో, ఏ బూట్లు కొనాలో అడిగితే ఆయన వేసిన మొదటి ప్రశ్న "నీ బరువెంత?" అని. మోసేది గుర్రం కదా. జీనుకి అటూ ఇటూ వేలాడే సంచుల్లో బరువు సమానంగా ఉండాలనీ, లేకపోతే జీను పక్కకి జారి గుర్రం వీపు పుండు పడుతుందనీ అప్పుడే తెలిసింది వీడికి.

చివర్లో అడిగాడు: "మన సాహిత్యంలో వేట మీద ఏమన్నా ఉందా? టెంట్‌లో చదువుకుంటా."

"మనుచరిత్ర" అన్నాను ఆలోచించకుండా. ఫోన్ పెట్టేశాక భయమేసింది. ఎందుకంటే ఆ పుస్తకంలో వేట వచ్చేచోట నేను ఎప్పుడూ పేజీలు తిప్పేసినవాణ్ణే.

మనలో చాలామంది సంగతి అంతే. సిలబస్‌లో వచ్చేది ప్రవరుడూ, వరూధినీ. పెద్దన గురించి మా ఊళ్ళో ఎక్కువ తెలిసింది రామలింగడి కథల్లో ఆయనకి జరిగే పరాభవాలు. నాలుగో ఆశ్వాసంలో స్వరోచి వేట దగ్గరికొచ్చేసరికి "ఇది ప్రబంధం కదా, ఒక వేట ఉండాలి కాబట్టి పెట్టాడు" అనుకుని దాటేస్తాం. ఊరి వర్ణన, వసంతం, చంద్రోదయం, వేట. అదొక జాబితా. ఈసారి వయోమింగ్ వెళ్ళేవాడి కోసం చదవాల్సి వచ్చింది కాబట్టి మొదటి నుంచీ వేరేగా చదివాను. తయారీ గురించిన పుస్తకంగా.

అలా చదివితే ప్రవరుడే మారిపోయాడు. ఎవరో సిద్ధుడు వచ్చి కాళ్ళకి పాదలేపం పూస్తే అరుణాస్పదపురం నుంచి సరాసరి హిమాలయం మీద దిగిన మనిషి. దారిలో ఒక్క ఊరు చూడలేదు, ఎవరినీ దారి అడగలేదు. మంచులో తిరిగేసరికి లేపం కరిగిపోయింది. ఇక ఇంటికెలా వెళ్ళాలో తెలీదు. అతని నిగ్రహం గురించి వందల వ్యాసాలున్నాయి గానీ, నాకు ఈసారి కనపడింది సామాను మాత్రమే నమ్ముకుని కొండెక్కిన మనిషి. ఇవాళ అలాంటివాడు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని బయల్దేరి, బ్యాటరీ అయిపోయినచోట నిలబడతాడు. అతను వరూధినిని మొదట అడిగింది కూడా దారే.

ఆ వరూధినికి, ప్రవరుడి వేషం వేసుకొచ్చిన గంధర్వుడికీ పుట్టినవాడు స్వరోచి. ప్రవరుడి రూపు తప్ప అతని రక్తం లేనివాడు. కానీ కొండల్లోకి వెళ్ళే తీరు చూస్తే ప్రవరుడు చేసిన తప్పుని దిద్దడానికే పుట్టాడేమో అనిపిస్తుంది. అతను ఒంటరిగా బయల్దేరడు. అడవి తెలిసినవాళ్ళు ఉంటారు, వేటకుక్కలుంటాయి, గుర్రం ఉంటుంది. ఏ మృగం ఎక్కడుందో తెలిసిన మనుషుల మీద ఆనుకున్న బలం అతనిది. పెద్దన ఈ సన్నాహాన్ని వేటంత ఇష్టంగానూ రాశాడు. నేను దాటేసిన పద్యాల్లో ఉన్నది అలంకారమే అనుకున్నాను. నిజానికి అందులో చాలా భాగం సమాచారం.

ఇక్కడ పెద్దనతో నాకొక పేచీ ఉంది. వేట ఊపందుకునే కొద్దీ ఆ తోడొచ్చినవాళ్ళు పల్చబడతారు. రాజు చెయ్యి కనపడుతుంది గానీ, మృగాన్ని ఆ చేతి ముందుకి తెచ్చినవాడి పేరు కూడా మనకి మిగలదు. కథ రాజుది, కష్టం గుంపుది. ఇది పెద్దన ఒక్కడి తప్పు కాదు. కాళిదాసు శాకుంతలం రెండో అంకంలో వేట అసలు బాధ చెప్పేది విదూషకుడొక్కడే. గుర్రం వెంట పరుగులు తీసి కీళ్ళు సడలిపోయాయనీ, వేళకి తిండి లేదనీ, తెల్లారకుండానే వేటగాళ్ళ గోలకి మెలకువ వచ్చేస్తుందనీ ఏడుస్తాడు. ఆ పక్కనే సేనాపతి, వేట ఎంత మంచి వ్యాయామమో, పొట్ట ఎలా తగ్గుతుందో చెప్తాడు. నా స్నేహితుడికి ఈ సీను చెప్తే, "నేను పొద్దున సేనాపతిని, రాత్రి విదూషకుణ్ణి" అన్నాడు.

అయితే మన పురాణాలు ఒక విషయం కచ్చితంగా పట్టుకున్నాయి. వేటలో శాపం తగిలిన రాజుల్ని వరసగా తల్చుకోండి. దశరథుడు చీకట్లో కుండలో నీళ్ళు నిండే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. పాండురాజు జింకల జంటని కొట్టాడు, అందులో ఉన్నది ముని. పరీక్షిత్తు దాహంతో అలమటిస్తూ, జవాబివ్వని ఋషి మెడలో చచ్చిన పాముని వేశాడు. ముగ్గురూ గొప్ప విలుకాళ్ళే. ముగ్గురికీ ఆ క్షణాన "ఆగండి, అది ఏనుగు కాదు" అనో, "నీళ్ళు ఇటున్నాయి" అనో చెప్పేవాడు పక్కన లేడు. ఇవాళ అమెరికాలో వేట నేర్పే క్లాసుల్లో మొదట చెప్పే సూత్రాల్లో ఒకటి, కొట్టబోయేది ఏమిటో, దాని వెనకాల ఏముందో కళ్ళారా చూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కొద్దని. దశరథుడి కథలో ఈ పాఠం ఎప్పట్నుంచో ఉంది. మనం దాన్ని పుత్రశోకం కథగానే చదివాం.

పెద్దన పల్చబరిచిన మనిషిని ధూర్జటి నడిమధ్యకి తెచ్చాడు. కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడికి గైడ్ అక్కర్లేదు, గుర్రమూ అక్కర్లేదు. బోయపల్లెలో పెరిగినవాడు. అతని చిన్నప్పటి ఆటల పేర్లన్నీ ధూర్జటి ఒక జాబితాగా రాస్తే, దాన్ని మనం తెలుగు ఆటల చరిత్ర కోసం వాడుకుంటాం. నాకిప్పుడు అది వేట తయారీలా కనపడుతోంది. నా స్నేహితుడు నాలుగు నెలల్లో డబ్బు పెట్టి కొనుక్కోవాలని చూస్తున్నది ఆ బాల్యాన్నే. తిన్నడు చివరికి మంచి మాంసం ఏరి, కాల్చి, రుచి చూసి మరీ దేవుడికి పెడతాడు. వేట పూర్తయ్యేది చంపినచోట కాదనీ, ఎవరికి వడ్డించావన్న దగ్గరనీ ధూర్జటికి తెలుసు. మన కాలానికొస్తే కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడూ ఈ వంశం వాడే. తన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన అతనికి జాడలన్నీ తెలుసు. అంత తెలిసినవాడికీ అడవి ఏమీ రాసిచ్చెయ్యదు.

నేనుండే బాపట్లలో అడవి లేదు. పొలాలూ, ఆ తర్వాత సముద్రం. కానీ "వేట" అన్న మాట ఇక్కడ రోజూ వినపడుతుంది. సూర్యలంకలోనూ, నిజాంపట్నంలోనూ వేటకెళ్ళటం అంటే సముద్రం మీదికెళ్ళటం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, మోటారు పడవలకి "వేట నిషేధం". అడవిలో వేటని 1972 చట్టం నేరం చేసింది. ఆ మాట మాత్రం ఇక్కడ తడిగా బతికే ఉంది.

ఫోన్ వచ్చిన వారానికి సూర్యలంక వెళ్ళాను. ఒడ్డున పడవలు, నీడలో వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. ఒక పెద్దాయనతో మాట కలిపి, "నిషేధంలో ఖాళీయేగా బాబాయ్" అన్నాను. ఆయన వల మీంచి తలెత్తకుండా, "ఖాళీ ఏంటయ్యా, వేట ఇక్కడే అయ్యేది. అక్కడికెళ్ళేది తెచ్చుకోటానికి" అన్నాడు. ఇంజను విప్పి చూసుకోవాలి, వల కన్నాలు పూడ్చాలి, మంచి సరంగుతో ముందే మాట్లాడుకోవాలి. సముద్రం మీద సరంగు చెప్పినట్టు పడవ ఓనరైనా వింటాడట. పెద్దన ఈయనతో ఒక్క పూట కూర్చునుంటే వేట పద్యాల్లో తోడొచ్చినవాళ్ళకి మాటలు పెరిగేవి.

అసలు కష్టం ఆరో ఆశ్వాసంలో ఉంది. మొదటి వేట స్వరోచిని మనోరమ దగ్గరికి చేర్చింది. ఆమెనీ, ఆమె చెలికత్తెలు విభావరినీ, కళావతినీ అతను పెళ్ళాడాడు. విభావరి వల్ల అతనికి సకల ప్రాణుల భాష తెలిసే విద్య వచ్చింది. మళ్ళీ ఎప్పుడో పందిని కొట్టబోతుంటే ఒక ఆడజింక వచ్చి, దాన్నొదిలి నన్ను కొట్టమంటుంది. అతనికి అర్థమవుతుంది. బాణం దిగదు. ఆ జింక వనదేవత. ఆమెకి పుట్టినవాడే స్వారోచిష మనువు. ఎవరి పేరున ఈ పుస్తకం ఉందో అతను, వేయని బాణం వల్ల పుట్టాడు.

ఇది చదివినరోజే మా వాడు వాట్సాప్‌లో ఒక ఆడియో పంపాడు. ఈల మొదలై, బొంగురు అరుపై, మూలుగులా తెగిపోయింది. మగ ఎల్క్ కూత. ప్లాస్టిక్ గొట్టంలో ఊది ప్రాక్టీసు చేస్తున్నాడు. సెప్టెంబర్‌లో జత కోసం అరిచే మగవాటిని అలా పిలిచి దగ్గరికి రప్పిస్తారు. ఇంట్లోవాళ్ళు గరాజ్‌లోకి తరిమేశారట.

వాడు జంతువు భాష నేర్చుకుంటున్నాడు, స్వరోచీ నేర్చుకున్నాడు. ఒకరు పిలవడానికి, ఒకరికి వినపడటానికి. నేను ఆ మాటే రాసి, "ఎందుకురా చంపటం?" అని చేర్చాను.

కాసేపటికి జవాబొచ్చింది. "నువ్వు ఆదివారం మటన్ కొట్టుకి ఏం తయారై వెళ్తావ్?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. బాపట్లలో మా వీధి చివర కొట్టు దగ్గర నేను చేసే తయారీ అంతా జేబులో సంచీ పెట్టుకోవటమే. దారి తెలిసినవాడూ, మోసే గుర్రమూ, చచ్చే ప్రాణీ ఏవీ నాకు కనపడవు. నాది పాదలేపం ప్రయాణం.

వాడికి ఆరో ఆశ్వాసం స్కాన్ చేసి పంపాను. వేటకి ముందురోజు రాత్రి చదవమన్నాను. "గైడ్‌కి కూడా కథ చెప్పు" అన్నాను. "చెప్తా. కానీ ఆడజింక వచ్చి మాట్లాడితే నాకు తెలుగులో చెప్తుందా?" అని రాశాడు.

సెప్టెంబర్‌కి ఇంకా టైముంది. వాడు మెట్లెక్కుతున్నాడు. నేను నాలుగో ఆశ్వాసం రెండోసారి, ఈసారి పేజీలు తిప్పకుండా చదువుతున్నాను.