పాటిదిబ్బ మీదుగా పైపులైను

రోడ్డుకో, మురుగు కాలువకో, తాగునీటి పైపులైనుకో గీత గీసేటప్పుడు ఆ దారిలో పాతకాలపు ఆనవాళ్ళు ఏమున్నాయో చూసి చెప్పడం నా వృత్తి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పని పడిందంటే నాకు ఎక్కడలేని హుషారు. పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు, ఆదోని కొండల మీద విజయనగర కాలపు కోట, ఊళ్ళో బిజాపూరు సుల్తానుల తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు. 1786లో టిప్పు సుల్తాను ఈ ఊరిని పట్టుకున్నాడు. 1800లో దత్తమండలాలతో పాటు కుంపిణీకి పోయింది. 1953 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. అందుకే నా వెతుకులాట కర్నూలు కాగితాలతో మొదలవదు. 1904 నాటి ఫ్రాన్సిస్ దొర బళ్ళారి గెజిటీరు, మెకంజీ కైఫియత్తులు, శాసనాల నివేదికలు, ఆ తర్వాతే గ్రామ పటాలు.

కాగితాల పని ఎంతైనా సగమే. మిగతా సగం పత్తి కట్టె పీకేసి గుంటక తోలిన చేలల్లో నడక. నల్లరేగడిలో ఒకచోట మన్ను బూడిద రంగుకు తిరుగుతుంది. కాలికి పెంకులు తగులుతాయి. లోపలా అంచునా నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు దొరికితే ఇనుపయుగం గుర్తుకు రావాలి. చేత్తో చేసిన ముతక బూడిదరంగు కుండపెంకైతే ఇంకా వెనక్కి, కొత్త రాతియుగానికి పోవాలి. ఆ కాలపు జనం పశువుల దొడ్లలో పేడ పేర్చి కాల్చగా పేరుకున్న బూదిదిబ్బలు బళ్ళారి చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు పశువుల గిట్టల అచ్చులు కూడా బయటపడ్డాయి. వేల ఏళ్ళ నాటి మంద నడిచిన జాడ అది! అలాంటి చోటును జేసీబీ ఒక్క పూటలో ఎత్తిపోస్తుంది.

ఇలాంటి పాటిదిబ్బలు, అంటే పాత ఊళ్ళ మట్టిదిబ్బలు, ఏ జాబితాలోనూ ఉండవు. రైతును అడగాలి. "పాటిమన్నా? మా తాత కాలంలో ఆడినుంచి బండ్లకొద్దీ చేన్లకు తోలినారు సార్" అంటాడు ఒక పెద్దాయన. ఆ ఒక్క మాటతో నా పటంలో ఒక గుర్తు పడుతుంది.

ఆదోని కొండవాలున బండరాళ్ళను చూడండి. కొన్నింటి అంచున వరసగా చదరపు గుంతలుంటాయి. ఉలితో తొలిచి, వాటిలో చీలలు దిగగొట్టి రాతిని చీల్చిన గుర్తులవి. ఇప్పటి క్వారీ డ్రిల్లు గుంత గుండ్రంగా, లోతుగా ఉంటుంది. తేడా తెలియనివారికి అది కంకరకు పనికొచ్చే బండ. తెలిసినవారికి, కోటగోడ రాయి ఎక్కడ, ఎలా తీశారో చెప్పే సాక్ష్యం. గోడను కాపాడి ఈ బండను పగలగొడితే ఆ గోడ కథ సగం పోయినట్టే.

ఎమ్మిగనూరులో చిక్కు ఇంకో రకం. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరొచ్చిన ఊరు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది వీధివైపు గది. గుంతమగ్గం ఆ గదిలో ఉంటే గదితో పాటు అదీ పోతుంది. నూరేళ్ళు నిండని వాటికి పురావస్తు చట్టంలో చోటు లేదు. కూల్చే ముందు ఇంటి కొలతలు, మగ్గం ఉన్న తీరు, నేతగాడు కూర్చునే గుంత లోతు రాసుకుని ఫొటోలు తీయమని నేను ప్రతి నివేదికలో అడుగుతాను.

చట్టం బలం ఎక్కడుందంటే, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ. 2010 సవరణ ప్రకారం మొదటి 100 మీటర్లలో కట్టకూడదు, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. ఆ గిరి దాటితే పెద్దగా అడిగేవారుండరు. ఇంగ్లండులో అలా కాదు. 1989లో లండన్‌లో పాతకాలపు రోజ్ నాటకశాల పునాదులు బయటపడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడే, కట్టే ముందు నేలను పరిశీలించాలన్న మార్గదర్శకం వచ్చింది. మనకు పెద్ద ఆనకట్టలప్పుడే ఆ మెలకువ వచ్చింది. నాగార్జునకొండలో 1954 నుంచి ఆరేళ్ళు తవ్వారు. శ్రీశైలం ముంపు నుంచి రూపాల సంగమేశ్వరుణ్ణి కర్నూలు జగన్నాథగట్టు మీదికి చేర్చారు. గొప్ప పనులే, కాదనను. కానీ గుడిని ఎత్తుకొచ్చారు గాని, నదుల కూడలిని ఎత్తుకురాలేదు కదా.

నా వాదన ఒక్కటే. మమ్మల్ని డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) రాయకముందు పిలవండి. పెన్సిలు గీత దశలో పైపులైనును యాభై మీటర్లు జరపడం ఒక పూట మాట. టెండరు పిలిచాక అదే పనికి కొత్త అంచనాలు, కొత్త సంతకాలు, కాంట్రాక్టరు క్లెయిములు. అప్పుడు మేం రాసేది అనుమతి ఫైలుకు తోక తప్ప సర్వే కాదు.

ఇంకొకటి. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. కానీ కందకంలో దిగిన కూలీకి, చెబితే పని ఆగుతుందనీ ఆ రోజు కూలీ పోతుందనీ తెలుసు. అందుకే బొమ్మో పెంకో దొరికినా మళ్ళీ మన్ను కప్పేస్తాడు. అతన్ని తప్పు పట్టలేను. తవ్వకంలో ఏదైనా దొరికి పని నిలిచిన రోజులకూ కూలీ చెల్లించాలనే షరతు కాంట్రాక్టులోనే ఉండాలని ఈమధ్య పట్టుబడుతున్నాను. ఖర్చు ఎందుకని ఇంజనీర్లు అడుగుతారు. మొత్తం అంచనాలో అదెంత?