చెక్కుబందీ రాసే స్క్రిప్టు

మా ఇంటి ఇనప్పెట్టెలో ఒక పాత దస్తావేజు ఉంది. మడతల దగ్గర చినిగిపోతే వెనక పల్చటి గుడ్డ అంటించి దాచుకున్నాం. అమ్మిందెవరు, కొన్నదెవరు, సొమ్మెంత అన్నవి అయిపోయాక చెక్కుబందీ మొదలవుతుంది. తూర్పు: చిన్నతాత చేను. దక్షిణం: వంక. పడమర: బండ్ల రస్తా. ఉత్తరం: గుట్ట పోరంబోకు. ఈ మధ్యనున్న మెట్ట ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు. పటం ఏమీ గీయలేదు. అయినా ఆ నాలుగు మాటలు పట్టుకుని, ఊళ్లో ఒక్క మనిషిని అడిగి, నేరుగా ఆ చేను గెనిమ (గట్టు) మీదికి వెళ్లి నిలబడొచ్చు.

రోజంతా కంప్యూటర్‌లో పటాలతో పనిచేసే నాకు ఇంతకంటే మంచి రిపోర్టు ఎక్కడా కనిపించలేదు. పటం సాఫ్ట్‌వేర్‌లో ఊరంతా రంగురంగులుగా కనిపిస్తుంది, దగ్గరికి జరిపి చూసుకోవచ్చు. కానీ రైతు చేతికి కావలసింది తెర కాదు, కాగితం. తన చేను ఒక్కదాని గురించి, తనకు తెలిసిన మాటల్లో రాసిన కాగితం. ఊళ్లో ఉన్న వందల చేలకూ అలాంటి కాగితం తీయాలంటే చేత్తో అయ్యే పని కాదు. అందుకే స్క్రిప్టు రాస్తాం. స్క్రిప్టంటే కంప్యూటర్‌కు వరసగా రాసిచ్చే పనుల చీటీ. ఈ చేను తీసుకో, విస్తీర్ణం లెక్కగట్టు, పక్కన ఎవరున్నారో చూడు, కాగితం మీద రాయి, తర్వాతి చేనుకు పో.

తుమ్మలపల్లెనే తీసుకుందాం. పులివెందుల దగ్గర వేముల మండలంలోని ఊరు. ఇక్కడి నేల కింద వేంపల్లె డోలమైటు రాతిపొరల్లో యురేనియం ఉంది. యురేనియం కార్పొరేషన్ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ప్రారంభమైంది. ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లు, దాని వ్యర్థాలు చేరే చెరువు కూడా ఈ చుట్టుపక్కలే. నేల పైన అరటి తోటలు, చీనీ చెట్లు, వాటికి నీళ్లిచ్చే బోర్లు. గని భూమి, పోరంబోకు, పట్టా చేలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఇలాంటి చోట ‘మీ చేను ఎక్కడ’ అన్న ప్రశ్న కంటే ‘మీ చేను పక్కన ఏముంది’ అన్న ప్రశ్నకే బరువెక్కువ. బోరు నీళ్లు మారిపోయాయని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మాటలోని నిజానిజాలు స్క్రిప్టు తేల్చలేదు. కానీ ఏ బోరు ఏ సర్వే నంబరులో ఉంది, ఎన్ని అడుగుల లోతు, వ్యర్థాల చెరువుకు ఎన్ని మీటర్ల దూరం, నీటి పరీక్షలో ఏమొచ్చింది అన్నవి అందరికీ ఒకే లెక్కన ఒకే కాగితం మీదికి తేగలదు. వాదనకు కూర్చున్న ఇద్దరి చేతిలోనూ అదే కాగితం ఉండడం చిన్న విషయం కాదు.

ఈ సీమలో భూమిని అంకెల్లోకి దించే పని పాతదే. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. 1802లో సర్వే మొదలుపెట్టేనాటికి భూమి కొలవడం తెలిసినవాళ్లు అతని కచేరీలో నలుగురు గుమాస్తాలే. ఆ నలుగురితో మొదలై జట్లు జట్లుగా పెరిగి పల్లె పల్లెనూ కొలిచారు. వాళ్ల గొలుసు 33 అడుగులు. ఆ గొలుసంత పొడవు, వెడల్పు ఉన్న చదరాలు 40 చేరితే ఎకరా. తెలంగాణలో నేటికీ చెప్పుకునే గుంట అలాంటి ఒక చదరమే. ఆ తర్వాత 66 అడుగుల గొలుసు వచ్చింది. దానికి వంద లింకులు. పది చదరపు గొలుసులు ఎకరా, వెయ్యి చదరపు లింకులు సెంటు.

సర్వేయర్లు ఇప్పటికీ ఎఫ్‌ఎంబీ అనే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కు లోపల ఈ గొలుసు భాషే దాగుంది. చేనుకు అడ్డంగా ఒక మూల నుంచి ఇంకో మూలకు జి-లైను లాగుతారు. ఆ లైను మీద నడుస్తూ, ఎన్ని లింకుల దగ్గర ఎడమకు ఎంత, కుడికి ఎంత పోతే గెనిమ తగులుతుందో రాసుకుంటారు. మధ్యలో దూరాలు, రెండు పక్కలా ఆఫ్‌సెట్లు. చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది కనుక దాని పేరు ల్యాడర్. ఒక చేనుకు జి-లైను 500 లింకులు, ఎడమ మూలకు 200, కుడి మూలకు 150 అనుకుందాం. ఎడమ త్రికోణం 50 వేల చదరపు లింకులు, అంటే 50 సెంట్లు. కుడిది 37 వేల 500, అంటే ముప్పై ఏడున్నర. మొత్తం ఎనభై ఏడున్నర సెంట్లు. మూడే మూడు అంకెల్లో చేను విస్తీర్ణం ఇమిడిపోయింది. ఆ ఆఫ్‌సెట్లు జి-లైను మీద ఎన్ని లింకుల దగ్గర తీశారో కూడా ఇస్తే ఎవరు గీసినా అదే చేను వస్తుంది. స్క్రిప్టు అన్న మాట పుట్టక ముందే స్క్రిప్టు చేసే పనిని మన సర్వేయర్లు చేత్తో చేస్తూ వచ్చారని నేను నమ్మేది అందుకే.

ఊరి కరణం పద్ధతి వేరు. అడంగల్ రాసేది, ఫసలీ తిరిగేసరికి జమాబందీకి లెక్క ఒప్పజెప్పేది ఆయనే. ఊరి భూమంతా ఆయన తలకాయలో ఉండేది. ఆ జ్ఞాపకశక్తికి చెయ్యెత్తి మొక్కాలి. కానీ లెక్క ఎలా వేశాడో అడిగే దారి సామాన్యుడికి ఉండేది కాదు. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. ఇప్పుడు సాగుదారు, పంట వివరాలు అడంగల్‌లో, పట్టాదారు ఖాతా 1బీలో, కొలతలు ఎఫ్‌ఎంబీలో వేర్వేరుగా ఉన్నాయి. మూడింటినీ కలిపే దారం సర్వే నంబరు ఒక్కటే. స్క్రిప్టు మొదట చేసేది ఆ దారంతో మూడింటినీ గుచ్చడం.

ఇక అసలు పనికొస్తాను. పటం నుంచి చెక్కుబందీ రాయించడం ఎలా?

క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టాడు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానికి పైథాన్ భాషలో పని చెప్పొచ్చు. మొదట నాకు తోచింది సులువైన దారి. చేను నడిమధ్య ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి పక్క చేను ఏ దిక్కున ఉందో కోణం చూడడం. కంప్యూటర్‌కు సున్నా డిగ్రీలంటే ఉత్తరం. 45 నుంచి 135 దాకా తూర్పు, 225 దాకా దక్షిణం, 315 దాకా పడమర, మిగిలింది ఉత్తరం. నలుచదరపు చేలకు ఇది బాగానే పనిచేసింది. వంక ఒరుసుకుంటూ వంపు తిరిగిన చేలకు మాత్రం నడిమి చుక్క చేను బయట పడింది. అప్పుడు తూర్పున ఉన్నది పడమర అయి కూర్చుంది.

దారి గుడిలో దొరికింది. ప్రదక్షిణ చేసేటప్పుడు దేవుడు ఎప్పుడూ కుడి చేతివైపే ఉంటాడు కదా. చేను గెనిమ వెంట ప్రదక్షిణంగా నడిస్తే మన చేను కుడి వైపు, పక్కవాళ్ల చేను ఎడమ వైపు. చేను ఎన్ని వంకర్లు తిరిగినా ఇది మారదు. దక్షిణానికి నడుస్తున్నామంటే ఎడమ చెయ్యి తూర్పు, అక్కడున్నది తూర్పు హద్దు. పడమటికి తిరిగామంటే ఎడమ చెయ్యి దక్షిణం. కాబట్టి స్క్రిప్టు గెనిమను ముక్కలు ముక్కలుగా తీసుకుని ఒక్కో ముక్కకు ఎడమ దిక్కు ఏదో, అవతల ఎవరున్నారో రాసుకుంటుంది. ఒక దిక్కున ఇద్దరు ముగ్గురుంటే ఎవరి గెనిమ పొడవో వాళ్లను ముందు రాస్తుంది. మూల దగ్గర కాస్త తగిలినవాళ్లను వదిలేస్తుంది. చివరికి కాగితం మీద రాసేటప్పుడు ఉత్తరంతో కాకుండా తూర్పుతో మొదలుపెట్టమని చెప్పాను. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం: మా దస్తావేజులోని ఆ వరస కూడా ప్రదక్షిణమేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇంకో చిక్కు ఉంది. నేల మీద ఒకటే గెనిమ. కంప్యూటర్‌లో మాత్రం ఒక్కో చేనును విడివిడిగా గీసినప్పుడు రెండు గీతల మధ్య జానెడు సందు మిగిలిపోతుంది. ‘తగులుతున్నాయా’ అని అడిగితే లేదంటుంది. అందుకని అర మీటరు దూరంలో ఉన్నా తగిలినట్టే లెక్కవేయమని చెప్పాలి. రెండు మీటర్లని చెబితే మాత్రం మధ్యలోని కాలిబాట మాయమైపోతుంది. ఇలాంటి అంకె ఒకటి నిర్ణయించడానికి కుర్చీలో కూర్చుంటే చాలదు, ఆ ఊరి గెనిమల వెడల్పు చూసి రావాలి.

విస్తీర్ణం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. భూమి గుండ్రం, కాగితం చదును. చదును చేయడానికి ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోశారు. 78 డిగ్రీల రేఖాంశం నుంచి 84 దాకా 44వ పట్టీ. తుమ్మలపల్లె 78 డిగ్రీల 15 నిమిషాల దాపున, ఆ పట్టీకి పడమటి అంచులో ఉంది. అనంతపురం వెళ్లామంటే 43వ పట్టీలోకి దాటిపోతాం. పట్టీ నడుమన కొలతలు కొద్దిగా కుంచించుకుంటాయి, అంచుల్లో సాగుతాయి. తుమ్మలపల్లె దగ్గర ఆ సాగుదల పది ఎకరాలకు సెంటూ పైచిల్లర. అర ఎకరా చేనులో అది కనిపించదు. ఊరంతా కూడితే, లేని భూమి కాగితం మీద పుట్టుకొస్తుంది. భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని విస్తీర్ణం కట్టే పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. స్క్రిప్టులో ఒక్క మాట మారిస్తే చాలు. ఆ మాట రాయడం మరిచిన రిపోర్టు ఎంత అందంగా ఉన్నా నేను సంతకం పెట్టను.

తెలుగు విషయంలో పడిన పాట్లు చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పటాల లోకంలో షేప్‌ఫైల్ అనే పాత ఫైలు పద్ధతి ఇంకా విరివిగా వాడతారు. అందులో పేరు గడికి ఇన్ని బైట్లని ముందే కేటాయించాలి. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. మన లిపిలో అక్షరం, గుణింతం, పొల్లు ప్రతిదానికీ మూడేసి బైట్లు. ‘తుమ్మలపల్లె’లో అలాంటివి పదకొండు, అంటే 33 బైట్లు. గడి వెడల్పు 30 అని పెడితే చివరి ఎత్వం తెగిపోయి ఊరు ‘తుమ్మలపల్ల’ అవుతుంది. కొత్త జియోప్యాకేజ్ పద్ధతిలో ఈ బాధ లేదు. ఇక పీడీఎఫ్ తీసేటప్పుడు కొన్ని పైథాన్ ఉపకరణాలకు వత్తులు కలపడం రాదు. ఊరి పేరు ‘తుమ్‌మలపల్‌లె’ అని విడివిడిగా అచ్చవుతుంది. సొంత ఊరి పేరు విరిగి ఉన్న కాగితాన్ని రైతు ఎందుకు నమ్మాలి? క్యూజీఐఎస్ సొంత లేఅవుట్ నుంచి తీస్తే వత్తులు చక్కగా కుదురుతాయి. ఒక నమూనా పేజీ చేసి అట్లాస్ అనే సదుపాయానికి అప్పగిస్తే చేనుకో పేజీ చొప్పున ఊరంతా అదే అచ్చేస్తుంది. ఫాంటుగా నేను పోతన వాడతాను. తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫాంటు అది. పోతన పేరుతో ఒంటిమిట్టను తలుచుకునే జిల్లా కాగితాల మీద ఆ అక్షరాలు చూస్తే నాకు ఒక తృప్తి.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లతో కొలిచి ఒక్కో చేనుకు కొత్త నంబరు, మూలమూలకూ అక్షాంశ రేఖాంశాలతో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ ఇచ్చారు. పాత రికార్డులోని విస్తీర్ణానికీ కొత్త కొలతకూ తేడా వచ్చిందన్న గొడవలు ఊరూరా విన్నాం. నా దృష్టిలో స్క్రిప్టు అసలు విలువ ఇక్కడుంది. నేను తీసే రిపోర్టులో మొదటి పేజీ ఎప్పుడూ తేడాల జాబితాయే. రికార్డులో ఎంత, పటంలో ఎంత, తేడా ఎన్ని సెంట్లు, ఎక్కువ తేడా ఉన్నవి పైన. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి చేను, ఏ దిక్కూ లేని ముసలమ్మ చేను ఒకే కొలబద్ద మీద నిలబడతాయి. ఆ కొలబద్ద ఏమిటో స్క్రిప్టులో రాసే ఉంటుంది, తెలిసినవాళ్లెవరైనా చదివి తప్పు పట్టుకోవచ్చు. పట్టుకోవాలి కూడా.

మొన్న అలాంటి కాగితాలు పంచుతున్నప్పుడు ఒక పెద్దాయన తన చేను పేజీ తీసుకుని, విస్తీర్ణం వైపు చూడనైనా చూడకుండా చెక్కుబందీ చదవడం మొదలుపెట్టాడు. వేలు దక్షిణం దగ్గర ఆగింది. అక్కడ ‘వంక పోరంబోకు’ అని ఉంది.

“ఇది వంక కాదు అబ్బీ. వంకకు ముందర డొంక ఉండాది. మా నాయన కాలం నుంచి బండ్లు పోయేది అందులోనే.”

“పటంలో రెండూ ఒకటిగానే గీసినట్టుండారు పెద్దనాయనా,” అన్నాను.

చేను దాకా వెళ్లి చూశాం. కంపచెట్ల వెనక డొంక ఉంది. ఒక బండి పట్టేంత వెడల్పు, రాళ్ల మీద పాత చక్రాల గాడి. ఆ సాయంత్రమే పటంలో ఆ గీతను చీల్చి డొంకను వేరు చేశాను, స్క్రిప్టును మళ్లీ నడిపాను. వంక వెంబడి ఉన్న ఏడు చేల కాగితాల్లో దక్షిణం మారింది. మర్నాడు కొత్త పేజీ తీసుకుపోయి ఇస్తే, ఆయన మొదట అడిగింది తన చేను సంగతి కాదు.

“మా తమ్మునిది గూడా మారిందా?”