చెయ్యి తొడ మీదే

మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లకి మోకాలే పెద్ద గండం. పాదం బూటులో బిగిసి ఉండగా స్కీ ఒకవైపు, ఒళ్లు మరోవైపు తిరిగితే లోపలి ఏసీఎల్ లిగమెంటు పుటుక్కుమంటుంది. 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్‌మింగ్‌లో అమెరికా స్కీయర్ లిండ్సే వాన్ పడినప్పుడు కుడి మోకాలిలో ఏసీఎల్, ఎంసీఎల్ అనే లిగమెంట్లు రెండూ తెగాయి, ఎముకా విరిగింది. ఇలాంటప్పుడు పేరంతా సర్జన్‌కే దక్కుతుంది. నా ఓటు మాత్రం ఆ తర్వాత నెలల తరబడి పక్కన కూర్చునే ఫిజియోథెరపిస్టుకి.

ఆపరేషన్ అయ్యాక తొడ కండరం మొద్దుబారిపోతుంది. ఎంత బిగించినా బిగుసుకోదు. ఫిజియో మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, "మోకాలిని మంచానికేసి అదమండి" అంటారు. చెయ్యి మాత్రం తొడ మీదే ఉంటుంది. మోకాలిచిప్ప పైన కండరం చీమంత కదిలినా ఆ వేళ్లకి తెలుస్తుంది. చిప్పని బొటనవేళ్లతో మెల్లగా అటూ ఇటూ జరుపుతారు. అది పట్టేస్తే కాలు వంగదు. రోగికి వంచాలనే ఆత్రం. మంచి ఫిజియో కాలు పూర్తిగా చాపించేదాకా వదలరు, లేకపోతే కుంటు మిగిలిపోతుంది.

నొప్పి తగ్గి రోగికి ధైర్యమొచ్చాకే అసలు తంటా. రెండు మూడు నెలలకి కూడా అతికించిన లిగమెంటు బలహీనంగానే ఉంటుంది. పరుగెత్తుతానని మారాం చేసే మనిషికి "ఇప్పుడే వద్దండీ" అని నచ్చజెప్పాలి, ఆటలోకి దిగకుండా కనీసం తొమ్మిది నెలలు ఆపాలి. వాన్ 2013 నవంబరులోనే మళ్లీ గాయపడి సోచి ఒలింపిక్స్‌కి దూరమయ్యారు. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ కాంస్యం గెలిచారు. పతకం ఫొటోల్లో ఫిజియోలు ఎక్కడా కనపడరు.