బదులు వ్రాయు విద్య

వర్తకుడు తన సరకును గూర్చి లోకమునకు చాటుకొనుట మనకు నిన్న మొన్న అలవడిన పని కాదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పి, సంగీత సభలకు వచ్చిన శ్రోతలకు దానిని ఊరకయే పంచిపెట్టించి, తలనొప్పి యున్న ప్రతి యింటను ఆ లేపనమునకు చోటు కల్పించిరి. ఆ వ్యాపారమున గడించిన ధనమే 1908లో ఆంధ్రపత్రికకు ఊపిరియై, 1914లో అది మద్రాసున దినపత్రికగా వెలువడుటకు ఆధారమైనది. సరకు నమ్ముకొనుటకును, జనులతో మాటలాడుటకును గల బాంధవ్యము తెలుగువారికి ఇంత చక్కగా తెలిసియుండియు, మార్కెటింగు అనగానే ఏదో పరాయి విద్య అన్నట్లు మనలో కొందరు మొగము చిట్లించుట నాకు ఎన్నడును నచ్చలేదు.

అయితే పంతులుగారి నాటికిని నేటికిని ఒక గొప్ప భేదము గలదు. ఆనాడు వర్తకుని మాట పత్రికలో అచ్చై వేలమందికి చేరెడిది. కొన్నవాని మాట మాత్రము ఒక కార్డుముక్కపై వ్రాయబడి, వర్తకుని బల్లమీదికి వచ్చి, ఆయన ఒక్కడు చదువుకొనగా అక్కడనే నిలిచిపోయెడిది. నేడు ఊరంతయు చదివిన పిమ్మటనే వర్తకుడు ఆ మాటను చదువుచున్నాడు. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టిన బొమ్మ క్రింద, గూగుల్ మ్యాపులో దుకాణము పేరు ప్రక్క, యూట్యూబు వీడియో దిగువన, కొన్నవాడు తన అభిప్రాయమును వర్తకుని ప్రకటనను ఆనుకొనియే వ్రాయగలుగుచున్నాడు. ప్రజాసంబంధముల పనిలో చిరకాలముగా నున్న నన్ను, ఈ మాధ్యమముల వలన వ్యాపారమునకు కలిగిన మేలేమని ఎవరైన నడిగినచో, చాటింపునకు దొరికిన వేదికను గూర్చి తరువాత చెప్పి, బదులు పలుకుటకు దొరికిన అవకాశమునే ముందుగా చెప్పుదును.

అమెరికాలో ఐవీ లీ అను ఆయన 1906లో పత్రికా సంపాదకులకు తన సూత్రములను ప్రకటించుచు, తన కార్యాలయము చేయు పనియంతయు బాహాటముగా జరుగుననియు, అది వార్తలను అందించునే గాని ప్రకటనలను వార్తల రూపమున చొప్పింపదనియు చెప్పెను. మా వృత్తివారు నేటికిని ఆ ప్రకటనను మూలపత్రముగా భావించెదరు. కాని ఆయన ఒప్పింపవలసినది సంపాదకులనే. వారు నమ్మి అచ్చువేసిన పిమ్మటనే జనులు చదువుదురు. బ్లాగు పుట్టిన తరువాత ఆ నడిమి ద్వారము తప్పనిసరి కాకపోయినది. సంస్థయు నేరుగా వ్రాయవచ్చును, కొన్నవాడును నేరుగా వ్రాయవచ్చును. ఇందలి రెండవ సగమును గ్రహించుటకు సంస్థలకు కొంత కాలము పట్టినది. గ్రహించిన తీరును తెలుపు కథలలో నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది డెల్ కంపెనీ కథ.

2005లో జెఫ్ జార్విస్ అను పాత్రికేయుడు, ఇంటికే వచ్చి మరమ్మతు చేయుదురను ఒప్పందమునకు వేరుగా డబ్బు చెల్లించి ఒక డెల్ ల్యాప్‌టాప్ కొనెను. అది పాడైనది. మనిషిని పంపినను విడిభాగములు అతనియొద్ద ఉండవు గనుక యంత్రమునే తమకు పంపవలెనని కంపెనీవారు చెప్పిరి. జూన్ మాసమున జార్విస్ ఈ సంగతినంతయు తన బ్లాగులో కటువైన మాటలతో వ్రాసెను. ఆయన వ్రాసినది ఒక ఎత్తు. మాకును ఇట్లే జరిగినదని దాని క్రింద జనులు వరుసగా వ్రాసుకొన్నది మరియొక ఎత్తు. కంపెనీ చూచుచుండెనే గాని పలుకలేదు. బ్లాగులను చదువుటయే గాని వానిలో కల్పించుకొనరాదనునది అప్పటి దాని పద్ధతి. ఆగస్టులో జార్విస్ తన డబ్బు తిరిగి పుచ్చుకొని, అధిపతియైన మైకేల్ డెల్‌కు బహిరంగ లేఖ వ్రాసి, మీ సరకు కొన్నవారు వ్రాయుచున్నది చదివి వారితో మాటలాడుడని కోరెను.

మరుసటి యేడు కంపెనీ మేలుకొనెను. తమపై ఫిర్యాదు వ్రాసినవారిని వెదకి పలుకరించుటకు కొందరిని నియమించెను. 2006 జూలైలో తన బ్లాగును తెరచెను. తొలి దినములలో అందు వచ్చినవి ఆత్మస్తుతివలె నుండుటచే చదువరులు విసుగుకొనిరి. సరిగా అప్పుడే, జపానులోని ఒసాకా నగరమున ఒక సమావేశములో డెల్ యంత్రమొకటి మంటలు గ్రక్కుచుండగా తీసిన ఛాయాచిత్రము లోకమంతట వ్యాపించుచుండెను. బ్లాగు నడుపుచున్న లయొనెల్ మెంచాకా ఆ చిత్రమును గూర్చి మౌనము వహింపక, అది యున్న చోటికి తానే త్రోవ చూపుచు, మండిన యంత్రమును శీర్షికలోనే పేర్కొని, ఆ కొనుగోలుదారునకు వేరొక యంత్రము నిచ్చితిమనియు, కారణమును ఇంకను విచారించుచున్నామనియు, బ్యాటరీలో దోషమున్నట్లు తోచుచున్నదనియు కొలది వాక్యములలో వ్రాసెను. ఆగస్టులో, సోనీవారు తయారుచేసిన 41 లక్షల బ్యాటరీలను వెనుకకు తీసికొనుచున్నట్లు కంపెనీ ప్రకటించెను. 2007 ఫిబ్రవరిలో, ఏ మార్పులు కావలయునో జనులే సూచించి జనులే ఓటు వేయు ఐడియాస్టార్మ్ అను వేదిక వెలసినది. లినక్స్‌తో కూడిన యంత్రములు కావలెనని అందు పెక్కుమంది కోరగా, ఉబుంటు అమర్చిన కంప్యూటర్లు మే నెలలో అమ్మకమునకు వచ్చెను. ఆ యేడు అక్టోబరున, డెల్ వినుట నేర్చుకొన్నదని బిజినెస్‌వీక్ పత్రికలో వ్రాసినవాడు ఆ జార్విసే.

ఈ పని నేర్చుకొనవచ్చువారికి నేను పదే పదే చూపునది మండిన యంత్రమును గూర్చిన ఆ చిన్న పోస్టునే. అంతకు ముందు ఆ బ్లాగులో వ్రాసిన మంచిమాటలన్నియు ప్రకటనలుగానే చెల్లినవి. తన సరకు కాలిపోయిన సంగతిని సంస్థ తన నోటనే చెప్పిన పిమ్మట, దాని తక్కిన మాటలకును విలువ కలిగినది. అంతకంటె ముఖ్యముగా, ఆ పోస్టులో తెలిసినది తెలిసినట్లును, విచారణలో నున్నది విచారణలో నున్నట్లును వేరువేరుగా చెప్పబడినవి. భయపడినవాడు ఈ రెంటిని కలగాపులగము చేయును. కలిపి చెప్పిన మాట రేపు తప్పైనప్పుడు, నిజముగా తెలిసినది సైతము నమ్మువారుండరు.

ఎక్కడ బదులు చెప్పవలెననునది కూడ చిన్న ప్రశ్న కాదు. 2009 ఏప్రిల్‌లో, ఉత్తర కరొలైనాలోని కానొవర్ అను ఊర డొమినోస్ దుకాణపు పనివారిద్దరు ఆహారమును అపవిత్రము చేయుచున్నట్లు వీడియో తీసి యూట్యూబులో పెట్టిరి. అది ఏ దుకాణమో ఆనవాళ్ళను బట్టి కనిపెట్టి తెలిపినవారు ఒక బ్లాగు చదువరులు. మొదట వెనుకాడినను, రెండుమూడు దినములలోనే ఆ సంస్థ అమెరికా శాఖాధ్యక్షుడు ప్యాట్రిక్ డోయిల్ స్వయముగా కెమెరా ముందు నిలిచి, క్షమాపణ చెప్పి, ఆ దుకాణమును మూయించి శుభ్రపరచుచున్నామని తెలిపిన వీడియోను ఆ యూట్యూబులోనే పెట్టెను. ఏ వాకిట నింద వినబడినదో ఆ వాకిటనే సమాధానము వినిపింపవలెనను ఆయన నిర్ణయము సరియైనదని నా దృఢాభిప్రాయము. పత్రికకు ప్రకటన పంపి ఊరకున్నచో, వీడియో చూచినవారిలో ఎందరు దానిని చదివియుందురు?

పెద్ద సంస్థల మాట అటుంచి, నేను అప్పుడప్పుడు తోడ్పడు ఒక చిన్న చేనేత దుకాణమున జరిగినది చెప్పెదను. మగ్గములు దుకాణము వెనుక వసారాలోనే యుండును. చీరల బొమ్మలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, వాట్సాప్‌లో బేరము కుదుర్చుకొని, కొరియరులో పంపుచుందురు. అమెరికాలో నున్న ఒక తెలుగు యువతి నెమలికంఠము రంగు పట్టుచీర తెప్పించుకొని, ఆ బొమ్మ క్రిందనే, "ఫొటోలో నెమలికంఠం, వచ్చింది ఒట్టి నీలం. ఇది మోసం కాదా?" అని వ్రాసెను. బొమ్మలు పెట్టు కుర్రవాడు ఆ కామెంటును తీసివేయుటకు సిద్ధపడెను. వద్దనగా, "మీ ఆర్డర్ నంబరు ఇన్‌బాక్స్‌లో పంపగలరు" అని అన్ని కంపెనీలవారును వాడు వాక్యమునే వ్రాసి చూపెను. ఆ వాక్యమున అమర్యాద ఏమియు లేదు. కాని వీధిలో నిలిచి అడిగినవారిని గదిలోనికి పిలిచి తలుపు మూసినట్లుండును, వీధిలోనివారికి సమాధానము తెలియకయే పోవును.

అప్పుడు మగ్గముమీద నున్న పెద్దాయన నడిగితిమి. పట్టుదారమునకు నెమలికంఠమను రంగు అద్దరు; పడుగు నీలము, పేక పచ్చ, ఆ రెండును కలిసి మెరయునపుడు కంటికి తోచునది నెమలికంఠము. చీరను చదునుగా పరచి, ట్యూబులైటు క్రింద ఎదురుగా నిలిచి చూచినచో నీలమే హెచ్చుగా కనబడును. కుచ్చిళ్ళు పోసి ప్రక్కనుండి వెలుతురు పడనిచ్చినచో పచ్చ తేలివచ్చును. ఫోను కెమెరా ఈ రెంటిలో ఒకదానిని పట్టి రెండవదానిని విడుచును. పైపెచ్చు మావాడు బొమ్మకు మెరుపు హెచ్చించియుండెను. "ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పు లేదు బాబూ, మనమే సగం చూపించాం" అని ఆయన అనెను.

బొమ్మ క్రింద, అందరు చదువునట్లు, ఇట్లు వ్రాసితిమి: "అమ్మా, ఫొటోకు మెరుపు పెంచి పెట్టడం మా పొరపాటు. ఈ చీరకు పడుగు నీలం, పేక పచ్చ. కుచ్చిళ్ళు పోసి కిటికీ దగ్గర చూస్తే రెండో రంగు కనిపిస్తుంది. అయినా మీకు నచ్చకపోతే వెనక్కి పంపండి, ఖర్చు మాదే." దానితోపాటు, పెద్దాయన వసారాలో ఉదయపు వెలుతురున అదే రకము చీరను మెల్లగా త్రిప్పి చూపుచున్న వీడియోను, పాట గాని మెరుగు గాని చేర్చక పెట్టించితిమి. ఆమె చీరను వెనుకకే పంపెను. దుకాణమువారు డబ్బు తిరిగి యిచ్చిరి. కాని ఆ వీడియో క్రింద ప్రశ్నలు మొదలైనవి: ఉల్లిపొట్టు రంగునకు పడుగేది, పేకయేది అని ఒకరు, మా అమ్మగారి పాత చీర ఇటువంటిదేనా అని బొమ్మ జతచేసి వేరొకరు. పెద్దాయన చెప్పుచుండగా కుర్రవాడు ఓపికతో బదులులు వ్రాసెను. నాటినుండి ఆ దుకాణమున ప్రతి చీరకును రెండు బొమ్మలు తీయుచున్నారు, ఒకటి పరచినది, ఒకటి కుచ్చిళ్ళు పోసినది, రెండును పొద్దుటి వెలుతురున గడప దగ్గర తీసినవే. డబ్బిచ్చి పోస్టును పదిమందికి చూపించుకొనుట వ్యర్థమని నేననను. పండుగలనాడు మేమును చేయించితిమి. అయినను అట్టి పోస్టుల క్రింద ఇట్టి ప్రశ్నలు నాకు కనబడలేదు.

ఈ పనిలో నేను ఎవరికిని మినహాయింపు ఇయ్యని విషయము ఒకటి గలదు. అది దాచిపెట్టిన కిరాయి మెచ్చుకోలు. ఐవీ లీ తన సూత్రములను ప్రకటించిన నూరేండ్లకు, 2006లో, వాల్‌మార్ట్ దుకాణముల ముంగిళ్ళలో బండి నిలుపుకొని రాత్రులు గడపుచు దేశము చుట్టుచున్న ఒక జంట, తాము కలిసికొన్న ఉద్యోగుల సంతోషమును బ్లాగులో వర్ణించిరి. ఆ ప్రయాణపు ఖర్చు భరించినది, ఎడెల్‌మన్ అను ప్రజాసంబంధముల సంస్థ వాల్‌మార్ట్ కొరకు ఏర్పరచిన సంఘమేనని బయటపడగా, రిచర్డ్ ఎడెల్‌మన్ తన బ్లాగులోనే క్షమాపణ చెప్పవలసివచ్చెను. మన దేశమున ప్రకటనల ప్రమాణ మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలోను ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమములు విధించినవి. డబ్బే కానక్కరలేదు, ఉచితముగా వచ్చిన వస్తువు గాని హోటలు బస గాని పుచ్చుకొన్నను ఆ సంగతి స్పష్టముగా తెలుపవలెను. హ్యాష్‌ట్యాగుల గుంపులో దానిని కలిపివేయరాదు. ప్రత్యక్ష ప్రసారమైనచో ఆసాంతము కనబడుచుండవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా గలదు. ఇంత యుండియు, తెలుగులో హోటళ్ళను, పచ్చళ్ళను, నగలను మెచ్చుకొను వీడియోలను చూచునపుడు, ఏది తిన్నవాని మాటయో ఏది పుచ్చుకొన్నవాని మాటయో తెలియక జనులు తికమక పడుచున్నారు. చివరకు నిజముగా మెచ్చుకొన్నవాని మాటయు అనుమానము పాలగుచున్నది; అందువలన నష్టపోవునది మంచి సరకు గల చిన్న వర్తకుడే.

ఇక ఈ బదులులను ఎవరిచేత వ్రాయింపవలెననునది ప్రతి యజమానియు నన్ను అడుగు ప్రశ్న. చాలచోట్ల ఈ పనిని సరకు ముఖమెరుగని బయటి ఏజెన్సీకి అప్పగించి, నెల తిరుగగానే లైకుల పట్టికను తెప్పించుకొని చూచుకొందురు. నేను చూడగోరు పట్టిక వేరు: ఎన్ని ప్రశ్నలు వచ్చినవి, ఎన్నింటికి బహిరంగముగా బదులు దొరికినది, ఏ ప్రశ్న మరల మరల వచ్చుచున్నది. మరల మరల వచ్చు ప్రశ్నకు బదులు పోస్టులో కాదు, సరకులోనో బిల్లులోనో డబ్బామీది అక్షరములలోనో దొరకవలసియుండును. ఆ సంగతిని యజమాని చెవిని వేయుటయు మా పనియే. కావున ఈ పనికి వచ్చు యువకులను మొదటి మాసమంతయు కంప్యూటరు ముందు కూర్చుండబెట్టక, దుకాణములో సరకు తిరిగి తెచ్చువారు వచ్చు బల్లయొద్ద నిలుపుడనియు, యజమానిని అడుగనక్కరలేక డబ్బు తిరిగి యిచ్చుటకు కొంత మొత్తము వరకు వారికి అధికార మిండనియు, వ్రాసిన బదులు క్రింద సంస్థ పేరుతోపాటు వారి పేరును ఉండనిండనియు నేను యజమానులను కోరుచున్నాను. మొదటి రెంటికి చాలమంది ఒప్పుకొందురు. మూడవదానికి వెనుకాడుదురు, దానికొరకే నేను ఎక్కువగా పట్టుబట్టుచున్నాను.